హెడ్‌ఫోన్స్ కూత పెడుతున్నాయి, వారంటీ వర్తించదంటున్నారు... కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఇల్లు మెయిన్ రోడ్డు మీద, కింద పిండి గిర్ని. ఆ గోల భరించలేక నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో రూ. 18,990 పెట్టి చెవి మొత్తం కప్పే వైర్‌లెస్ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. ‘45 డెసిబెల్స్ వరకు శబ్దం తగ్గుతుంది, 50 గంటల బ్యాటరీ’ అని ప్రకటనలో ఉంది. గిర్ని మోత తగ్గింది కానీ పక్క గదిలో మాటలు వినపడుతూనే ఉన్నాయి. మీటింగ్‌లో అవతలివాళ్లకు నా వైపు గోలంతా వినిపిస్తోందట. బ్యాటరీ 28 గంటలే వస్తోంది. రెండు నెలలకు ఎడమవైపు సన్నగా కూత మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో మొదటిసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి ఇచ్చారు. మళ్లీ కూత వస్తే తీసుకెళ్లాను. ఈసారి ‘మడత దగ్గర సన్నని పగులు ఉంది, ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు, రూ. 7,200 కట్టండి’ అన్నారు. అమ్మినవాళ్లేమో ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిందంటున్నారు. రెండు జాబ్ షీట్ల ఫొటోలు పంపుతున్నాను. వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చా? ఎంత ఖర్చవుతుంది?

జవాబు: వెళ్లవచ్చు, మీ కేసు నిలుస్తుంది. కాకపోతే మీరు చెప్పిన నాలుగు ఇబ్బందులనూ ఒకే గాటన కట్టి ఫిర్యాదు రాస్తే, బలహీనమైన వాటిని చూపించి బలమైనదాన్ని కూడా కొట్టేయడానికి అవతలి వకీలుకు దారి దొరుకుతుంది. అందుకే ముందు వాటిని విడదీసి చూద్దాం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10) ప్రకారం వస్తువు నాణ్యతలో, సామర్థ్యంలో, ప్రమాణంలో ఏ కొరత ఉన్నా అది లోపమే. ఆ ప్రమాణం చట్టం పెట్టినది కావచ్చు, ఒప్పందంలో ఉన్నది కావచ్చు, లేదా వ్యాపారి తానుగా ఏ రూపంలోనైనా చెప్పుకున్నది కావచ్చు. ఈ చివరి మాట మీకు చాలా ముఖ్యం. ఆన్‌లైన్ పేజీలో, పెట్టె మీద, యాడ్‌లో కంపెనీ ఏం చెప్పుకుందో అదే కొలబద్ద. మనం మనసులో ఏం ఆశించామన్నది కొలబద్ద కాదు.

మాటలు వినపడటం సంగతి చూద్దాం. ఈ హెడ్‌ఫోన్స్ బయటి శబ్దాన్ని మైకుతో పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని చెవిలోకి పంపి రెండింటినీ రద్దు చేస్తాయి. ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజను, మీ కింది గిర్ని మోటారు... ఇలా ఆగకుండా ఒకే తీరున వచ్చే మందమైన మోత మీద ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. మనిషి గొంతు, హారను, గిన్నె కింద పడిన చప్పుడు లాంటివి క్షణక్షణానికీ మారుతుంటాయి, ఆ మోత కంటే పై శ్రుతిలో (ఎక్కువ ఫ్రీక్వెన్సీలో) ఉంటాయి. వాటిని చాలావరకు ఆపేది చెవికి అతుక్కునే మెత్త మాత్రమే. కాబట్టి గిర్ని మోత తగ్గి మాటలు వినపడుతున్నాయంటే అది ఆ వస్తువు స్వభావం. ‘మాటలు కూడా వినపడవు’ అని ప్రకటనలో స్పష్టంగా ఉంటే తప్ప దీన్ని ఫిర్యాదులో పెట్టకండి.

మీటింగ్‌లో అవతలివారికి గోల వినిపించడం పూర్తిగా వేరే విషయం. మీ చెవికి శబ్దం తగ్గించేది ఏఎన్‌సీ. మీ గొంతు అవతలికి శుభ్రంగా చేర్చేది కాల్ మైకు పని, దాన్ని ఈఎన్‌సీ అంటారు. పేజీలో ఏఎన్‌సీ అని మాత్రమే ఉంటే కాల్ గురించి వాళ్లు మాట ఇవ్వనట్టే. ‘కాల్స్ స్ఫటికంలా వినిపిస్తాయి’ లాంటి వాక్యం ఉంటే మాత్రం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పనికొస్తుంది.

45 డెసిబెల్స్ మాట నాకూ కోపం తెప్పించేదే. ‘వరకు’ అన్న ఒక్క పదం వెనక కంపెనీ దాక్కుంటుంది. ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర, ప్రయోగశాలలో వచ్చిన అత్యధిక అంకె అది. అన్ని శబ్దాలూ అంత తగ్గుతాయని కాదు. చదివే మనిషికి మాత్రం అన్నీ తగ్గుతాయనే అర్థమవుతుంది. న్యాయంగా చూస్తే ఇది ప్రశ్నించాల్సిందే. కానీ వినియోగదారుల కమిషన్ (మీరన్న వినియోగదారుల కోర్టు) ముందు నిరూపించాలంటే పరీక్ష కావాలి. సెక్షన్ 38(2)(సి) కింద వస్తువును తగిన ల్యాబ్‌కు పంపమని కోరవచ్చు, నివేదిక 45 రోజుల్లో రావాలి, అవసరమైతే కమిషన్ గడువు పెంచుతుంది. ఆ పరీక్ష రుసుము ముందుగా మీరే డిపాజిట్ చేయాలి. రూ. 18,990 వస్తువు కోసం ఆ దారి పట్టమని నేను చెప్పను, మీ దగ్గర అంతకంటే సులువైన ఆధారం ఉంది కనక. ఫోన్‌లోని డెసిబెల్ యాప్‌తో కొలిచిన అంకెలను కూడా జత చేయకండి. ఎదురు ప్రశ్నలకు అవి నిలబడవు.

బ్యాటరీ విషయంలో ముందు మీరే ఒక పరీక్ష చేసుకోవాలి. చాలా కంపెనీలు పెద్దక్షరాల్లో వేసే గంటలు నాయిస్ క్యాన్సిలింగ్ ఆపేసి, వాల్యూమ్ సగం పెట్టినప్పటివి. మీకు 28 గంటలు వస్తున్నది అది నడుస్తుండగా. ఒకసారి ఆపేసి వాడి చూడండి. 50కి దగ్గరగా వస్తే, పేజీలో ఆ షరతు కనపడేలా ఉంటే, ఈ అంశం వదిలేయండి. షరతు అసలు లేకపోయినా, అడుగున కంటికి ఆనని అక్షరాల్లో ఉన్నా వదలకండి. తప్పుదారి పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పైన చెప్పిన మాటకు విరుద్ధంగా కింద షరతు పెట్టకూడదు, ముఖ్యమైన సమాచారం దాచడానికి దాన్ని వాడకూడదు. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ అని అమ్ముతూ, అది ఆపేస్తేనే వచ్చే గంటలను పెద్దక్షరాల్లో వేయడం కొనేవారిని మోసపుచ్చడమేనని గట్టిగా వాదించవచ్చు.

ఇక అసలు విషయం, ఎడమవైపు కూత. లోపలి స్పీకరు శబ్దం బయటికి కారి మళ్లీ మైకులోకి వెళ్లి తిరుగుతుంటే ఇలాంటి కూత పుడుతుంది. మెత్త సరిగా అతుక్కోకపోయినా, మైకు దగ్గరి బిగింపు చెడినా రావచ్చు. దీనికి వినేవారి అభిరుచితో పని లేదు, ఎవరు పెట్టుకున్నా వినపడుతుంది. కమిషన్ సభ్యులు తమ ముందే పెట్టుకుని వినవచ్చు కూడా. మీ ఫిర్యాదుకు ఇదే వెన్నెముక కావాలి.

మీరు పంపిన జాబ్ షీట్లు జాగ్రత్తగా చదివాను. మొదటిదానిలో వస్తువు స్థితి అన్న గడిలో ‘బాగుంది’ అని టిక్ ఉంది. కస్టమర్ ఫిర్యాదు: ఎడమవైపు కూత. పరిశీలన: శబ్దం గమనించాం, అప్‌డేట్ చేశాం. కింద వాళ్ల ముద్ర, తేదీ. అంటే పగులు లేని రోజునే కూత ఉందని కంపెనీ మనిషే రాసి ఇచ్చాడు. పగులు అన్న మాట మొదటిసారి కనిపించేది రెండో షీట్‌లో. అప్పటికి వస్తువు ఒకసారి వాళ్ల చేతుల్లోకి వెళ్లి వచ్చింది. పగులు ఎప్పుడు వచ్చిందన్నది పక్కన పెట్టినా, కూతకు అది కారణం కాదని వాళ్ల కాగితమే చెబుతోంది. సాధారణంగా లోపాన్ని నిరూపించే భారం మొదట ఫిర్యాదుదారు మీదే ఉంటుంది. మీ విషయంలో ఆ భారాన్ని చాలావరకు ఆ షీటే మోస్తుంది. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి. ఫొటోకాపీలే తిప్పండి.

దీనికి తోడు ఒక వీడియో తీయండి. మీరు కళ్లద్దాలు వాడేవారైతే తప్పకుండా తీసేసి మొదలుపెట్టండి. అద్దాల కాడ మెత్త కిందికి పోయి సందు ఏర్పడిందని, అందుకే కూత వచ్చిందని కంపెనీ అనకుండా ఉండాలి. మెత్త పూర్తిగా బిగించి ఉన్నట్టు, సీరియల్ నంబరు కనపడేట్టు, నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్ చేస్తే కూత వచ్చి ఆఫ్ చేస్తే ఆగేట్టు, మధ్యలో కట్ చేయకుండా తీయండి. వీడియోకు, స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం జత చేయండి. వినియోగదారుల కమిషన్లలో సాక్ష్య చట్టం అంత కచ్చితంగా పట్టించుకోరు, అయినా అది ఉంటే అభ్యంతరానికి చోటుండదు. అమ్మకపు పేజీ స్క్రీన్‌షాట్ ఇవాళే తీయండి. నోటీసు అందాక పేజీలో మాటలు మారిపోవడం మామూలే.

ఇదే మోడల్‌కు ఇదే ఇబ్బంది అని రాసిన రివ్యూలు జత చేయాలనిపిస్తుంది. రెండు మూడు పెట్టండి, తప్పులేదు. కానీ ఆ రాసినవారు కమిషన్ ముందుకు రారు, వారి వస్తువు ఎవరూ చూడలేదు. మీ వస్తువులో లోపానికి అవి సాక్ష్యం కావు.

ఏడు రోజుల రిటర్న్ గడువు గురించి బెంగపడకండి. అది నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు. లోపం బయటపడితే వారంటీ ఉంది, దాని వెనక చట్టం ఉంది. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020లోని రూల్ 6 ప్రకారం వస్తువు లోపభూయిష్టమైనా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించకూడదు. కేసు వేయడానికి సెక్షన్ 69 కింద మీకు రెండేళ్ల వ్యవధి ఉంది.

ఉద్యోగం కోసం కొన్నారు కనక ‘వాణిజ్య ప్రయోజనానికి కొన్నారు, మీరు వినియోగదారు కారు’ అంటారేమో అన్న భయం కూడా వద్దు. మీ జీతం డబ్బుతో మీ సొంత వాడకానికి కొన్నారు. బిల్లు మీ పేరు మీద ఉంటే చాలు. ఆఫీసు వాళ్లు కొని ఇచ్చినదైతే వేరే మాట.

ముందుగా ఆన్‌లైన్ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అదే సమయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదైన డాకెట్ నంబరు తీసుకోండి. ఇలాంటి చిన్న మొత్తాల్లో కంపెనీలు అక్కడే దిగొచ్చిన సందర్భాలు ఉంటాయి. కదలకపోతే అమ్మకందారు, ఆన్‌లైన్ వేదిక, తయారీదారు లేదా దిగుమతిదారు ముగ్గురికీ 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. చట్టప్రకారం నోటీసు తప్పనిసరి కాదు, కానీ మీరు అవకాశం ఇచ్చారని చూపుతుంది. దిగుమతిదారు పేరు, చిరునామా పెట్టె మీద ఉండాలి, పెట్టె పారేయకండి. ఆన్‌లైన్ వేదిక ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అంటుంది. అయినా ప్రతివాదిగా చేర్చండి, ఒకరి మీద ఒకరు నెట్టుకుంటే ముగ్గురూ కమిషన్ ముందే నెట్టుకోవాలి.

కేసు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ‘వివాదాలు బెంగళూరు కోర్టుల్లోనే’ లాంటి షరతు చూసి వెనక్కి తగ్గకండి. సెక్షన్ 34(2)(డి) ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. వస్తువుకు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు కనక కోర్టు ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఇంత స్పష్టమైన కాగితాలు ఉన్నప్పుడు అది కష్టమేం కాదు. ఖర్చంతా అఫిడవిట్, కాపీలు, పోస్టేజీ మాత్రమే.

కమిషన్ పంపే నోటీసు అందిన ప్రతివాది 30 రోజుల్లో జవాబు వేయాలి, మహా అయితే మరో 15 రోజులు. అది దాటితే కమిషన్ గడువు పెంచలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 4న తేల్చింది. ఆ 45 రోజుల లెక్క మీరే రాసుకుని ఉంచండి, దాటిన రోజున ఆ సంగతి కమిషన్‌కు రాతపూర్వకంగా తెలుపుతూ మెమో వేయండి. ల్యాబ్ పరీక్ష అవసరం లేని కేసులు మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతో దిగండి.

ఫిర్యాదులో ఏం కావాలో రాసే చోట మరమ్మతు అడగకండి, ఒకసారి చేసి విఫలమయ్యారు. అదే మోడల్ కొత్తది ఇవ్వాలని, లేదా రూ. 18,990 వడ్డీతో తిరిగివ్వాలని, దానితోపాటు పరిహారం, ఖర్చులు అని రాయండి. పరిహారం లక్షల్లో వేస్తే మీ మాటకు బరువు తగ్గుతుంది. సర్వీస్ సెంటర్‌కు తిరిగిన రోజులు, పని ఆగిన గంటలు చూపించగలిగినంతకే అడగండి.

ఆ రూ. 7,200 ఇప్పుడు కట్టకండి. వస్తువు ఇంకా వాళ్ల దగ్గరే ఉంటే మరమ్మతు చేయకుండా వెనక్కి తీసుకోండి. విప్పి మార్చేస్తే మీ సాక్ష్యం పోతుంది. తీసుకునేటప్పుడు ‘సంతృప్తి చెందాను’ అని ముందే అచ్చు వేసిన చోట సంతకం పెట్టకండి. దాన్ని కొట్టేసి, ‘కూత అలాగే ఉంది, మరమ్మతు లేకుండా తీసుకుంటున్నాను’ అని మీ చేతిరాతతో రాసి, తేదీ వేసి, వాళ్ల ముద్ర వేయించుకోండి.