ముందు దాని ముక్కుకు పని పెట్టండి

శాశ్వత ఇల్లు దొరికేదాకా మీ దగ్గరున్న కుక్క, రోజూ రెండు గంటలు పరుగెత్తించినా రాత్రికి దిండ్లు చింపుతోందన్నారు. పరుగు ఇంకా పెంచకండి. దమ్ము పెరుగుతుందే తప్ప నెమ్మది రాదు. పాత తువ్వాలులో దాని పొడి ఆహారం చల్లి, చుట్టి ఇవ్వండి. మొదట పంజాతో పీకుతుంది, తర్వాత ముక్కుతో దొర్లించి విప్పడం నేర్చుకుంటుంది. (గుడ్డ మింగే అలవాటుంటే మాత్రం వద్దు.)

పగటి నిద్ర సంగతీ చూడండి. ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 12 గంటల నిద్ర కావాలి. కొత్త ఇంటి అలికిడికి అది కుదురుగా పడుకోదు, నిద్ర చాలకే రెచ్చిపోతుంది. ఒక మూల నిశ్శబ్దంగా ఉంచండి.

మీదికి ఎగబడితే తిట్టకండి, తిట్టూ దానికి ఆటే. అటు తిరిగి నిలబడి, నాలుగు కాళ్లూ నేలకు ఆనాకే పలకరించండి. ఏది పనిచేసిందో రాసి ఉంచండి, తీసుకెళ్లేవారికి ఇవ్వవచ్చు.