ఓడింది అతను కాదు

నాయనా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ నాలుగో పేజీలో, కొత్త మందు పనిచేస్తుందా అని రోజువారీ హెచ్‌ఐవి మందులు ఆపి చూసే ప్రయోగాల దగ్గర, 'మూడు వారాలకే రోగి విఫలమయ్యాడు' అన్నావు. అది చదివాక కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను.

ఆ మనిషి ఏం చేశాడో చూడు. వైరస్‌ని రక్తంలో కనపడనంతగా అణచి ఉంచిన మాత్రను పరిశోధన కోసం తనే ఆపాడు. మాటిమాటికీ వెళ్లి చెయ్యి చాపి రక్తమిచ్చాడు. మాత్ర వేసుకున్నన్నాళ్లూ తోడున్న మనిషికి అంటదన్న ధైర్యం ఉండేది, అదీ వదులుకున్నాడు. వైరస్ తిరిగొచ్చింది. పనిచేయనిది కొత్త మందు, మనిషి కాదు. ఇంగ్లిషు పరిశోధన పత్రాల్లో 'రోగి విఫలమయ్యాడు' అనే రాస్తారు, నాకూ తెలుసు. తప్పుతో సహా తెచ్చుకోవాలా?

ఇంకోటి. టిమోతీ రే బ్రౌన్‌ని ఏడుచోట్ల 'బెర్లిన్ రోగి' అన్నావు. ఆయన 2010లో తనే పేరు బయటపెట్టుకున్నాడు. 2020లో లుకేమియా అనే రక్త క్యాన్సర్ తిరగబెట్టి చనిపోయేదాకా ఆ పేరుతోనే అందరి ముందుకీ వచ్చాడు. హెచ్‌ఐవి నయమైన మొదటి మనిషిని రోగి అనడమేమిటి?

1983లో అమెరికాలోని డెన్వర్‌లో, ఎయిడ్స్ ఉన్నవాళ్లే కూర్చుని తమను బాధితులు అనొద్దన్నారు. ఎయిడ్స్‌తో ఉన్న మనుషులం అన్నారు. అప్పటికి మందు లేదు, వైరస్‌కి హెచ్‌ఐవి అన్న పేరూ లేదు. ప్రాణం మీదికొచ్చినవాళ్లు మాట గురించి పట్టుబట్టారు. మన పత్రికలకి ఇప్పటికీ 'బాధితుడు' లేకపోతే పొద్దు గడవదు.

నా తొలి కథనం హెచ్‌ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ బయట పరిచయమైన ఒకావిడ గురించి. బస్సులో మాత్రలు గలగలమంటే ఎవరైనా అడుగుతారని, డబ్బాలో దూది కుక్కుకుని తీసుకెళ్లేది. 'హెచ్‌ఐవితో జీవిస్తున్న తల్లి' అని రాసిచ్చాను. హెడ్డింగ్‌కి పొడుగైందని ఎడిటర్ 'ఎయిడ్స్ కాటుకు బలైన తల్లి' చేశాడు. నన్నొక్క మాట అడగలేదు. మర్నాడు ఆవిడ పేపర్ నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి, 'బతికే ఉన్నాను కదమ్మా' అంది. ఆ ఎడిటర్‌ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నాలుగో పేజీ మళ్లీ రాసి పంపు. అతను మాత్ర ఆపిన రోజు పొద్దుటి నుంచి మొదలుపెట్టు.