ప్రాసెసర్ మారిస్తే పాత కంప్యూటర్ స్పీడ్ అవుతుందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది పర్లాకిమిడి, చిన్న డీటీపీ షాపు, తెలుగులో ఒడియాలో పెళ్లికార్డులు చేస్తాం. కంప్యూటర్ 2012లో కొన్నది, పెంటియం జీ630, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కే. ఫోటోషాప్ తెరిస్తే బిగుసుకుపోతోంది, ముహూర్తాల టైంలో జనం షాపులో నిలబడే ఉంటారు. ప్రాసెసర్ మార్చేయమంటున్నారు, ఏది వేయించాలి?

జవాబు: మార్చొచ్చండీ, కానీ డబ్బులు ముందు అక్కడ పెట్టకండి. ఈసారి బిగుసుకున్నప్పుడు టాస్క్ మేనేజర్ (ఏది ఎంత వాడుతోందో చూపే విండోస్ కిటికీ) తెరిచి చూడండి, డిస్క్ 100 శాతం చూపిస్తూ సీపీయూ, అంటే ప్రాసెసర్, ఖాళీగా ఉంటే ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా మీ కష్టం తీరదు. నాకైతే మీ వివరాలు చూస్తే డిస్కూ ర్యామే అనిపిస్తోంది, కాబట్టి ముందు సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) వేయించి డీడీఆర్3 ర్యామ్ 8 జీబీ చేయండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది.

అప్పటికీ ఫిల్టర్లు వేసేటప్పుడు సీపీయూ 100 దగ్గరే ఉంటే అప్పుడు ప్రాసెసర్. మీ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, అంటే సాకెట్, 1155 రకం, జీ630లో రెండే కోర్లు (లెక్కలు చేసే భాగాలు), దీంట్లో ఐ5-2400 గానీ ఐ5-3470 గానీ పడుతుంది, రెండూ నాలుగు కోర్లవే. ఇప్పుడు సెకండ్‌హ్యాండే దొరుకుతాయి, శ్రీకాకుళంలో కొన్నా బరంపురంలో కొన్నా షాపులోనే ఆన్ చేయించి చూశాకే డబ్బులివ్వండి. 2400 మీ జీ630 తరానిదే గానీ 95 వాట్లది, మీ 65 వాట్ల ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న ఫ్యాన్ చాలదు, పెద్ద కూలర్ అడగండి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ కొత్తది రాయించండి. 3470 తర్వాతి తరం, 77 వాట్లే, నేనైతే ఇదే తీసుకుంటా, కాకపోతే పాత బయాస్ (కంప్యూటర్‌ని స్టార్ట్ చేసే, బోర్డులోని ప్రోగ్రాం) దీన్ని గుర్తుపట్టదు. అందుకని జీ630 బోర్డు మీద ఉండగానే బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఏ ప్రాసెసర్లు పడతాయో లిస్ట్ చూసి బయాస్ అప్‌డేట్ చేయించుకోవాలి, అదీ యూపీఎస్ మీదే, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు, వేసవి గాలివానల్లో అసలు పెట్టుకోవద్దు. ఇంకోటి, ఈ బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు సాకెట్‌లో ఉంటాయి, ఒక్కటి వంగినా పని చేయకపోవచ్చు, చెయ్యి తగలనివ్వకండి.

ఇంత చేసినా విండోస్ 11 అధికారికంగా పడదండీ, దానికి ఇంటెల్‌లో 8వ తరం కావాలి, విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అందుకే ఈ మెషీన్‌ని డిజైన్ పనికే ఉంచి బ్యాంకు పనులు వేరే దాంట్లో చూసుకోండి. జీ630ని మాత్రం అమ్మేయకండి, కొత్తది బూట్ కాకపోతే మళ్లీ దాన్నే పెట్టి బయాస్‌లోకి వెళ్లాలి.