తోకకప్ప నోరు తెరిచి లోపల చూస్తే ఏముంటుంది?

తోకకప్పకు నిజంగా పళ్లుంటాయా, ఉంటే నాలుక, అంగుడి కూడా ఉంటాయా అని అడిగారు. ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు కోసం ఫార్మలిన్‌లో ఉంచిన తోకకప్పల నోళ్లు కోసి చూశాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

ముందు పళ్ల సంగతి. పెదవుల మీద వరుసలుగా కనిపించే సన్నటి నల్లటి పళ్లలో ఎనామెల్ ఉండదు. అవి మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తో తయారైనవి. మధ్యలో ఉండే రెండు దవడ తొడుగులూ అంతే. పాచిని పట్టుకుని గీకి తీయడం వీటి పని. జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప లాంటి కొన్ని రకాల్లో ఇవి అసలే ఉండవు, అయినా ఆ పిల్లలు హాయిగా తిని పెరుగుతాయి. ఎందుకంటే అసలు యంత్రాంగమంతా లోపల ఉంది.

లోపలికి వెళ్లాలంటే నోటి రెండు మూలల నుంచి వెనక్కి సన్న కత్తెరతో కత్తిరించి, పై భాగాన్నీ అడుగు భాగాన్నీ విడదీయాలి. వాటిని నీళ్లలో ముంచే స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టండి. బయట పెడితే పాపిల్లాలు, అంటే నోటి లోపలి సన్నటి బుడిపెలు, అన్నీ అతుక్కుపోయి నున్నటి కండలా కనిపిస్తుంది. మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేసి కడిగేయండి, ఒక్కో పాపిల్లా విడిగా లేచి నిలబడుతుంది. మొదటిసారి అలా చూసినప్పుడు చాలాసేపు కన్ను తీయలేకపోయాను.

అడుగు భాగంలో ముందుగా నాలుక మొలక, దాని మీద పాపిల్లాలు కనిపిస్తాయి. కొన్ని జాతుల్లో అవి ఒక జత, కొన్నింట్లో రెండు జతలు, కొన్నింట్లో అసలు ఉండవు. వెనక మధ్యలో ఖాళీ స్థలం, దాని చుట్టూ కంచె కట్టినట్టు పాపిల్లాల వరుస. ఇంకా వెనక వెలమ్ అనే పల్చటి పొర అడ్డంగా ఉంటుంది. దాన్ని సూదితో మెల్లగా ఎత్తితే కింద మడతలు మడతలుగా వడపోత పలకలు బయటపడతాయి. నాకు ఈ నోట్లో అన్నిటికన్నా అందమైన భాగం అదే. పై భాగంలో లోపలి ముక్కురంధ్రాలు రెండు, వాటి వెనక ఒక చిన్న మడత, మళ్లీ పాపిల్లాలు.

ఇవన్నీ కలిసి పని చేసే తీరు ఇదీ: నోటి అడుగు దిగితే నీళ్లు లోపలికి వస్తాయి, లేస్తే గొంతులోకి పోతాయి. వెనక్కి రాకుండా వెలమ్ ఆపుతుంది. సన్నటి రేణువులు జిగురులో చిక్కుకుని దారాల్లా ఆహారనాళంలోకి జారిపోతాయి, నీళ్లు మొప్పల మీదుగా బయటికి పోతాయి. బతికున్న తోకకప్ప నోటి దగ్గర పిప్పెట్‌తో కాస్త రంగునీళ్లు వదిలి చూడండి. చాలా జాతుల్లో ఆ రంగు ఎడమ పక్కనున్న స్పైరకిల్ (నీళ్లు బయటికి పోయే రంధ్రం) నుంచి బయటికొస్తుంది.

ఈ భాగాలకు ఇప్పుడు వాడుతున్న పేర్లను ఒక క్రమంలో పెట్టింది రిచర్డ్ వాసర్‌సగ్ అనే జీవశాస్త్రవేత్త, 1976లో. పాపిల్లాల సంఖ్య, ఆకారం జాతిని బట్టి మారతాయి కాబట్టి వర్గీకరణలో బాగా పనికొస్తాయి. వేరే జీవులను వేటాడే తోకకప్పల్లో పాపిల్లాలు, వడపోత బాగా తగ్గిపోతాయి.

మీరు కోసి చూడాలనుకుంటే వెనక కాళ్లు పెరుగుతున్న దశవి తీసుకోండి. ముందుకాళ్లు బయటికొచ్చినవి వద్దు. తోకకప్ప ఎదుగుదలను దశలుగా విడగొట్టే గోస్నర్ పట్టికలో 42వ దశ అది, అప్పటికే కెరాటిన్ భాగాలు ఊడిపోతూ, లోపలి వడపోత కరిగిపోతూ ఉంటుంది.