నొప్పిని నమ్మే డాక్టర్ దగ్గరికే వెళ్లు

చిన్నా,

థెరపిస్ట్ కోసం వెతుకుతున్నావని మీ అమ్మ చెప్పింది. కాలు తీసేసిన చోట కుట్లు ఆరీ ఆరకముందే "నా మనసు బాగాలేదు" అని పైకి అనగలిగావు. ఎంత గర్వంగా ఉందో! ఆ వెంటనే బెంగ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

మందులు కావాలంటే సైకియాట్రిస్ట్. మాటలతో చేసే చికిత్సకు క్లినికల్ సైకాలజిస్ట్. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడుగు. అడిగితే నొచ్చుకునేవాళ్లు మనకొద్దు. ఫీజు భారమనిపిస్తే హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెబితే నవ్వేవాళ్లుంటారు, నవ్వనీ.

మీ మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. షుగర్ వల్ల మోకాలి కింద కాలు తీసేశారు. గాయం మానింది కానీ, రాత్రయ్యేసరికి లేని పాదంలో వేళ్లు మెలిపెడుతున్నట్టు నొప్పి. దుప్పటి కింద చెయ్యి పెట్టి, కాలు ఉండాల్సిన చోట పరుపును పిసుక్కునేవారు. ఎవరో చెబితే, కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి మీ తాతయ్య తీసుకెళ్లారు. ఏం చదివారని ఎవరూ అడగలేదు. గోడ నిండా సన్మానాల ఫొటోలున్నాయి, అవి చాలనుకున్నారు. ఆయన విని, "లేని కాలు నొప్పేంటండీ, అంతా మీ భ్రమ. పాజిటివ్‌గా ఉండండి" అన్నాడు. ఆ రోజు నుంచి మామయ్య నొప్పి ఊసెత్తలేదు. తగ్గిపోయిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. మనిషేమో అన్నం కెలికి లేచిపోయేవారు.

చాలాకాలానికి, కృత్రిమ కాలు కొలతలు తీసుకునే అబ్బాయి చెప్పాడు, దాన్ని ఫాంటమ్ నొప్పి అంటారని, కాలు పోయినా మెదడులో దాని జాడ పోదని, నొప్పి నిజమేనని. ఒక సైకాలజిస్ట్ దగ్గరికి పంపాడు. ఆవిడ రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, ఉన్న కాలిని కదిలిస్తూ అద్దంలోకి చూడమంది. 1990లలో మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ అమెరికాలో మొదలుపెట్టిన పద్ధతి అది. అందరికీ పని చెయ్యదట. మామయ్యకీ నొప్పి పూర్తిగా పోలేదు. కానీ తనకు పిచ్చి లేదని తెలిసింది. ఆ మధ్యాహ్నం మారు పెరుగు వేయించుకున్నారు.

అందుకే మొదటి రోజే అడుగు: కాలో చెయ్యో పోయినవాళ్లను చూశారా? ఫాంటమ్ నొప్పికి ఏం చేస్తారు? "ధైర్యంగా ఉండాలి" అని ఊరుకుంటే లేచి వచ్చెయ్. ఇంకొకరిని వెతుకుదాం. లిఫ్ట్ ఉందో లేదో ముందే కనుక్కో. నువ్వు చెప్పిందంతా ఇంట్లో చెప్పేస్తారని భయపడకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం మీదికొచ్చే పరిస్థితి లాంటప్పుడు తప్ప నీ మాట గోప్యంగానే ఉంచాలి.

గది గడి పెట్టుకుని పడుకుంటున్నావట. అది మాత్రం నాకు నచ్చలేదు. తలుపు చేరవెయ్యి చాలు. బతకాలనిపించని రాత్రి వస్తే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. లేదా నాకు చెయ్యి. నా నిద్ర గురించి ఆలోచించావంటే తంతాను.

అపాయింట్‌మెంట్ ఎప్పుడో చెప్పు. ఆటోలో నీతో వస్తాను, గదిలోకి రానులే. మొదటి ఫీజు నాది. మీ నాన్నతో నేను మాట్లాడతా.

అత్తయ్య