కంట్లో వరాకు, చెవిలో వెల్లుల్లి నూనె, గొంతులో పులస ముల్లు

ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి. చాలావాటి వరస ఒకటే: ముందు ఇంట్లో ఉన్నదేదో పోశారు, తగ్గకపోయాక నాకు రాశారు. నా చదువు చెవి, ముక్కు, గొంతు వరకే. కంటి జవాబులు గోడకి అవతలి గదిలో కూర్చునే మావారు దిద్దినవి. ఆయన కాస్త కోపిష్టి, కనక ఆ జవాబులో ఘాటుంటే ఆయన్నే అనుకోండి.

ప్రశ్న: దాళ్వా కోతల్లో వరి ఆకు కొస కంట్లో గీరుకుంది. మా అత్తగారు పక్కింటి బాలింత చేత చనుపాలు వేయించారు. మర్నాడు మందుల షాపులో చుక్కలమందు ఇచ్చారు. రెండ్రోజులు హాయిగానే ఉంది. మళ్ళీ ఎరుపు, నీళ్ళు, వెలుతురు చూడలేకపోతున్నాను. అద్దంలో చూస్తే నల్లగుడ్డు మీద చిన్న తెల్లచుక్క. కోతలయ్యాక చూపించుకుంటే చాలదా?
– మలికిపురం వైపు రైతు

జవాబు: చాలదండి. పత్రిక మీ చేతికొచ్చేదాకా ఆగే జబ్బు కాదని ఉత్తరంలో ఉన్న ఫోనుకి ముందే కబురు చేశాం. ఇది మీలాంటి కన్నుతో ఇంకెవరైనా ఉంటే వాళ్ళ కోసం.

నల్లగుడ్డు పైన అద్దంలాంటి పొర ఉంటుంది. దాని పైతోలు బాగున్నంతకాలం సూక్ష్మజీవులు చాలావరకు లోపలికి దిగలేవు. వరాకు, ఊక, కొబ్బరి కమ్మ గీరితే అక్కడ చిన్న గాయమై దారి దొరుకుతుంది. ఆకుల మీదా మట్టిలోనూ ఉండే బూజు ఆ గాయంలో పడుతుంది. ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రెండు రకాలు మనవైపు ఎక్కువ. అది తొందరగా బయటపడదు. మొదటి రోజుల్లో నలక పడ్డట్టు ఉంటుందంతే, అందుకే కోతల హడావిడిలో ఎవరూ పట్టించుకోరు. తెల్లచుక్క కనిపించిందంటే పుండు పడినట్టే. పెద్దవాళ్ళు కంట్లో పువ్వు వేసిందంటారే, ఆ మచ్చల్లో కొన్ని ఇలా మొదలైనవే.

ఇక ఆ రెండ్రోజుల హాయి. సీసా మీద చిన్న అక్షరాల్లో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. ఎరుపూ నొప్పీ తగ్గిస్తుంది, బూజుని మాత్రం పెంచుతుంది. కన్ను తేరుకున్నట్టే ఉంటుంది, లోపల పుండు లోతుకి దిగుతుంటుంది. మావారికి కోపం వచ్చేది ఇక్కడే. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆ సీసా పారెయ్యకుండా వెంట తీసుకెళ్ళండి. ఏం పడిందో తెలిస్తే వైద్యం సులువవుతుంది.

అక్కడ మత్తుచుక్క వేసి పుండు మీద నుంచి కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు. బూజని తేలితే నాటామైసిన్ 5 శాతం చుక్కలు. పాలలా తెల్లగా ఉంటుంది, ప్రతిసారీ సీసా ఊపి వెయ్యాలి. మొదట్లో గంటకోసారి, తరవాత తగ్గిస్తూ వారాల తరబడి. నొప్పి పోయింది కదా అని మధ్యలో ఆపిన కళ్ళే తిరిగి వస్తుంటాయి. బాగా ముదిరితే మందు చాలదు, దానం చేసిన కంటి పొర తెచ్చి అతకాలి. నయమైనా మచ్చ మిగలొచ్చు. అది సరిగ్గా కంటిపాప ఎదుట ఉంటే చూపు మసకే.

గీరుకున్న వెంటనే చెయ్యవలసింది చాలా తక్కువ. శుభ్రమైన మంచినీళ్ళతో కడగండి, బోదె నీళ్ళతో కాదు. నలపకండి. చీరకొంగు మెలిపెట్టి గానీ నాలుకతో గానీ నలక తీసే నేర్పరులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వాళ్ళకో దండం పెట్టి ఇవతలికి రండి. చనుపాలు బిడ్డకే. నందివర్ధనం పువ్వు మూసిన రెప్ప మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, కాదనను. రసం మాత్రం కంట్లో పిండొద్దు. కోత మిషను దగ్గరా నూర్పిడి దగ్గరా మామూలు సాదా కళ్ళజోడు పెట్టుకున్నా చాలా గాయాలు తప్పుతాయి.

ఇదీ కళ్ళకలకా ఒకటేనా అని ఇంకో ఇద్దరు అడిగారు. కాదు. కళ్ళకలక సాధారణంగా ఒక కంట్లో మొదలై రెండోదానికి పాకుతుంది. పుసి కట్టి పొద్దున్నే రెప్పలు అతుక్కుంటాయి, పుసి తుడిస్తే చూపు మామూలే. చాలాసార్లు వైరస్ వల్ల వస్తుంది, వారం రెండు వారాల్లో దానంతటదే పోతుంది. చూస్తే అంటుకోదు, చేతుల నుంచీ తువ్వాలు నుంచీ అంటుకుంటుంది. చూపు మసకబారినా, లోపల పోటు ఉన్నా, వెలుతురు భరించలేకపోయినా అది కళ్ళకలక అనుకుని కూర్చోవద్దు.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్ళు. కాలవలో మునిగి ఆడతాడు. ఏడాదిగా ఎడమ చెవి కారుతోంది. మా అమ్మ వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె పోస్తుంది, నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. ఈమధ్య పిలిచినా పలకడం లేదు. ఆటలో ఉండి వినలేదేమో అనుకున్నాం.
– పి. గన్నవరం నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, వాడికి వినపడక కావచ్చు. ముందు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, చేయించండి, నొప్పి ఉండదు.

ఏడాదిగా కారుతోందంటే కర్ణభేరికి చిల్లు పడి ఉండాలి. ఆ చిల్లులోంచి కాలవ నీళ్ళూ, అమ్మగారి నూనే నేరుగా లోపలి గదిలోకి పోతాయి. నూనె వల్ల తగ్గింది కాదది. ఇలాంటి చెవి నూనె పోసినా పొయ్యకపోయినా కారుతూ ఆగుతూ ఉంటుంది, ఆగిన రోజు పేరు నూనెకి వస్తుంది. అసలు మూలం చాలామంది పిల్లల్లో ముక్కు. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఒక గొట్టం ఉంటుంది, పిల్లల్లో అది పొట్టిగా, అడ్డంగా ఉండటంతో జలుబు చేసినప్పుడల్లా చీమిడితో పాటు క్రిములు చెవికెక్కుతాయి.

ఈ నెల పని చెవిని పొడిగా ఉంచడం. శుభ్రమైన దూదిని వత్తిలా చుట్టి, పైకి కారిన చీము అద్దండి, లోపలికి పొడవద్దు. తలంటు పోసేముందు దూదికి వాజిలీను రాసి చెవికి అడ్డం పెట్టండి. కాలవ బంద్. వేసవిలో ఎటూ కాలవలు కట్టేస్తారు కాబట్టి గొడవ ఉండదు, నీళ్ళు వదిలాకే మీకు పని. చుక్కల విషయంలో ఒక జాగ్రత్త: జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవి చిల్లుపడ్డ చెవిలో పడితే వినికిడి నరానికి చేటు. ఇలాంటి చెవికి సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ చుక్కలు రాస్తాం. అవి కూడా చెవి చూసిన డాక్టరు రాసినవే వెయ్యండి.

చీము కుళ్ళు కంపు కొడుతుంటే సంగతి వేరు. లోపల చర్మం పొరలుగా పెరిగి ఎముకని తినేస్తూ ఉండొచ్చు. కొలెస్టియటోమా అంటాం. దానికి ఆపరేషనే మార్గం. మామూలు చిల్లయితే, చెవి పొడిగా నిలిచాక, చెవి పైనున్న కండ మీది పల్చటి పొర తీసి అతికిస్తాం. చెవి వెనక వాపు, కళ్ళు తిరగడం, మూతి ఒకవైపు పోవడం, జ్వరంతో వాంతులూ తలనొప్పీ, వీటిలో ఏది కనిపించినా పొద్దు చూడకుండా బయల్దేరండి.

నూనెకి ఒక్క చోటు ఉంది, అమ్మగారికి చెప్పండి. ఎప్పుడూ కారని, బాగున్న చెవిలో పురుగు దూరి కొట్టుకుంటుంటే రెండు చుక్కల నూనె పోస్తే అది చస్తుంది. తీయడం మాకు వదిలెయ్యండి. ఇక వానాకాలంలో దురద, దిమ్ము, నల్లటి చుక్కలతో తడి కాగితం ముద్దలా వస్తే బూజు. ఆ దురదకి అగ్గిపుల్ల, పిన్నీసు, మోటారుసైకిలు తాళం పెట్టి తిప్పుకుంటారు కొందరు. వాళ్ళనేం అనాలో నాకు తెలీదు.

ప్రశ్న: పులస ముల్లు గొంతులో దిగింది. అన్నం ముద్దలు మింగాను, అరటిపండు మింగాను, నిమ్మరసం తాగాను. మర్నాటికి కూడా కుడిపక్క ఒకే చోట గుచ్చుతోంది.
– ఆత్రేయపురం పాఠకుడు

జవాబు: పుస్తెలమ్మి తిన్నారో లేదో గానీ, ముద్దలు ఇక ఆపండి. ముద్ద ముల్లుని తోసుకుపోతుందని నమ్మకం. ఎక్కువసార్లు ఇంకా లోతుకి గుచ్చుతుంది. రాత్రంతా చింతపండు పులుసులో నానినా మిగిలిన ముల్లు అది, గుటకలో జారిపోయే నిమ్మరసానికి ఏం కరుగుతుంది?

ఒకే పక్క, ఒకే చోట, మింగినప్పుడల్లా గుచ్చుతోందంటే ముల్లు ఉన్నట్టే లెక్క. ఎక్కువగా టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో ఉంటుంది. దీపం, పట్టకారు ఉంటే కుర్చీలోనే తీసేస్తాం. కనిపించకపోతే సన్నటి గొట్టం కెమెరాతో చూస్తాం. సన్న ముళ్ళు చాలా ఎక్స్‌రేలో పడవు, కనక ఎక్స్‌రే బాగుందన్నారని నిశ్చింతగా ఉండొద్దు. ముల్లు పోయినా గీత మంట ఒకటి రెండు రోజులు ఉంటుంది, కానీ అది రోజురోజుకీ తగ్గాలి. ఉమ్మి మింగలేకపోయినా, జ్వరం, మెడవాపు, ఛాతీలో నొప్పి ఉన్నా అన్నవాహికలో గుచ్చుకుని ఉండొచ్చు. అప్పుడు పెద్దాస్పత్రికే.

ప్రశ్న: చేపల చెరువు పని. కుడి ముక్కు మూసుకుపోయి తరచూ రక్తం వస్తోంది. లోపల ఎర్రటి కండ కనిపిస్తోంది. రక్తం వచ్చినప్పుడు తల వెనక్కి వాల్చి పడుకుంటున్నాను.
– ఉండి నుంచి ఒకరు

జవాబు: తల వెనక్కి వాల్చొద్దు, రక్తం గొంతులోకి పోతుంది. కూర్చుని ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి, నోటితో గాలి పీల్చండి. ఆగకపోతే ఆస్పత్రికి.

ఆ కండ మీద ఆవగింజల కన్నా చిన్న తెల్లచుక్కలు ఉంటే రైనోస్పోరిడియోసిస్ కావచ్చు. నిలవ నీటిలో మునిగేవాళ్ళకి దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ కనిపించే జబ్బు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఆపరేషన్‌తో తీసి, అది మొలిచిన మొదలుని కాల్చాలి, లేకపోతే తిరిగి మొలుస్తుంది. ముక్కు దిబ్బడ పోయే చుక్కలు వేస్తూ కాలం గడపకండి. అవి మామూలు జలుబుకైనా వారం దాటి వేస్తే దిబ్బడ వాటివల్లే పెరుగుతుంది.

ప్రశ్న: మా పెదనాన్నకి అరవై దాటాయి. రెండు నెలలుగా గొంతు బొంగురు. ఐసు నీళ్ళ వల్లే అంటారు. చుట్ట అలవాటు ఉంది. చుట్ట మానేశాక డాక్టరు దగ్గరికి వస్తానంటున్నారు.
– రాజోలు

జవాబు: ఐసు నీళ్ళ బొంగురు ఇన్నాళ్ళుండదు. మూడు వారాలు దాటిన బొంగురు ఎవరిదైనా స్వరపేటిక చూడాలి, పొగతాగేవాళ్ళదైతే తప్పకుండా. స్వరతంతువు మీద చిన్న కణితిగా ఉన్నప్పుడే దొరికితే రేడియేషన్‌తోనో లేజర్‌తోనో నయం చేసి గొంతు నిలబెట్టే వీలుంది. పేటిక మొత్తం తీసెయ్యాల్సి రావడం ఆలస్యమయ్యాక. చుట్ట మానేదాకా ఆగొద్దు, ఈ వారమే తీసుకెళ్ళండి. చుట్ట గురించి నేనో, అక్కడి డాక్టరో ఆయనతో మాట్లాడతాం.