కోళ్ల కొట్టం తలుపు గురించి అల్లుడికి

అల్లుడూ,

నిన్న ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిది పెట్టలు పోయాయని చెబుతుంటే నీ గొంతు వణికింది. ఆ బాధ నాకు తెలుసు. పదేళ్ల కింద మా దేవరకొండ ఇంట్లో ఒకే రాత్రి పదకొండు కోళ్లు పోయాయి. పొద్దున చూస్తే తలుపు వేసే ఉంది, గొళ్లెం పెట్టే ఉంది. ముసురు రోజుల్లో తలుపు ఉబ్బి పడటం లేదని అంచు చెక్కించాను. ఎండాకాలం వచ్చేసరికి చెక్క ఎండి, కింది మూలన మూడు వేళ్ల సందు పడింది. ఏదో జంతువు ఆ సందులో మూతి పెట్టి నెడితే తలుపు అక్కడ వంగి దారి ఇచ్చేసింది.

నువ్వు పంపిన ఫొటోలో కూడా అదే మూల కనిపిస్తోంది. గొళ్లెం నడుమ ఒక్కటే ఉంది, కింది భాగం ఊగుతోంది. మెడలు కొరికి వదిలేసిందన్నావు కదా, అది అడవి పిల్లి అయ్యుంటుంది. ముంగిస పగలే తిరుగుతుంది, రాత్రి రాదు. కుక్కలైతే జాలి చించి వాకిలంతా ఈకలు చేసేవి. మీ అచ్చంపేట పక్కన అడవి దగ్గర కాబట్టి ఇవన్నీ వస్తూనే ఉంటాయి.

ముందు గడియల సంగతి. పైన ఒకటి, కింద ఒకటి పెట్టించు. కిందిది తలుపు కింది అంచు నుంచి జానెడు ఎత్తులోనే ఉండాలి. కొక్కెం వద్దు, కుక్క మూతితో ఎత్తేస్తుంది. అడ్డంగా జరిపే గడియ తెచ్చి, దాని రంధ్రంలో చిన్న తాళమో క్లిప్పో వెయ్యి. తలుపు బయటికి తెరుచుకునేలా, చౌకట్టు మీద ఆనేలా ఉండాలి. అప్పుడు బయటి నుంచి ఏది నెట్టినా ఇంకా బిగుసుకుంటుంది. లోపలికి తెరుచుకునే తలుపుకు నేల మీద పరిచిన ఊక అడ్డం పడుతుంది. తొందరలో సగం వేసి వచ్చేస్తాం.

తలుపు కుంగిపోతే ఎన్ని గడియలు ఉన్నా లాభం లేదు. మడత బందులు ఉన్న వైపు కింది మూల నుంచి గడియ వైపు పైమూలకు ఏటవాలుగా ఒక చెక్క కొట్టించు. చాలామంది దీన్ని తిరగేసి కొడతారు. సరిగ్గా కొడితే తలుపు బరువు ఆ చెక్క మీదుగా కింది బందు మీదికి దిగుతుంది. తిరగేస్తే అతుకులు ఊడి, ఏడాది తిరగకముందే గడియ వైపు నేలకు రాసుకుంటుంది. వడ్రంగి పని చేసేటప్పుడు పక్కనే నిలబడి చూసుకో. బందులకు మేకులు వద్దని చెప్పు, నట్టు బోల్టులే వేయించు. వేప చెక్కకు పురుగు తొందరగా పట్టదు, మీ పొలంలో పడిపోయిన వేప ఉంది కదా, అదే వాడు.

ఆరు మూలల కోళ్ల జాలి కోళ్లను లోపల ఆపడానికే పనికొస్తుంది, కుక్క దాన్ని పళ్లతో చింపేస్తుంది. అర అంగుళం కళ్లున్న వెల్డ్ మెష్, అంటే వెల్డింగ్ చేసిన గట్టి ఇనప జాలి, కొను. కాస్త ఖరీదైనా పెద్ద పాములు కూడా దూరలేవు. మెష్ అంచు మీద రీపరు, అంటే సన్న చెక్క పట్టీ, పెట్టి, వాషర్లతో స్క్రూలు బిగించు.

గడప కింద తాండూరు బండ ఒకటి నిలువుగా పాతు. మూరెడు లోపల, జానెడు పైకి. పందికొక్కు తవ్వుకుంటూ వచ్చినా బండకు తగిలి ఆగుతుంది. వాన నీళ్లు లోపలికి రావు, ఊక బయటికి పోదు. రెండు పక్కలా మెష్‌ను అడుగు లోతు దించి, అక్కడి నుంచి బయటి వైపు ఇంకో అడుగు మలిచి మట్టి కప్పు.

ఇక గాలివానలు. నీ కొట్టం తలుపు పడమరకు ఉంది. వానాకాలంలో గాలి, జల్లు అటు నుంచే కొడతాయి. వీలైతే తూర్పుకు మార్చు, వీలుకాకపోతే తలుపు మీద రెండడుగుల రేకు చూరు దించు. పగలు తెరిచి ఉంచినప్పుడు గోడకు కొక్కెం వేసి కట్టెయ్యి. లేకుంటే మే నెల గాలిదుమారం ఒక్క దెబ్బకు బందులు పీకేస్తుంది. రాళ్ల వానకు భయపడి తలుపంతా రేకుతో మూసెయ్యకు. 43, 44 డిగ్రీల ఎండలో గాలి ఆడకపోతే కోళ్లు నోరు తెరిచి రొప్పి రొప్పి చచ్చిపోతాయి. పై సగం మెష్ ఉంచి, దానికి గోనె పట్టా కట్టు. ఎండాకాలం మధ్యాహ్నం తడుపు. చలికాలం పొడిగా దించు, కానీ పైన బెత్తెడు ఎప్పుడూ తెరిచే ఉండాలి.

మీ ఊళ్లో ఎవరో కరెంటు తీగ పెట్టమన్నారన్నావు. ఆ మాట వినకు, అల్లుడూ. చీకట్లో నీ పిల్లలు తాకినా, పక్కింటి వాళ్లు తాకినా ప్రాణం పోతుంది. అది నేరం కూడా. విషం, ఉచ్చులు కూడా పెట్టకు, అడవి పిల్లికి, ముంగిసకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అవి వాటి ఆకలికి వస్తాయి. మనం తలుపు గట్టిగా చేసుకుందాం.

పొద్దుగూకక ముందే కోళ్లను లెక్కపెట్టి మూసెయ్యి, గుడ్లు ఏరెయ్యి. రుచి మరిగింది కాబట్టి ఆ పిల్లి ఈ రాత్రి కూడా వస్తుంది. మిగిలిన నాలుగింటిని ఇంట్లోకి తెచ్చి గంప కింద కమ్మి, గంప మీద రోకలి బండ పెట్టు. ఆదివారం నేను వస్తున్నాను, మెష్ కొలతలు ఫోన్‌లో పంపు, దేవరకొండలోనే కొనుక్కొస్తాను.

మీ అత్త